కుర్చీ ఇచ్చారు, గడప దాటేదెట్లా?

ఆదివాసులు ముసలివాళ్ళను వదిలిపెట్టరు. ఈ మాట మన సభల్లో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. వృద్ధాశ్రమాలు పట్నపోళ్ళ జబ్బు అంటాం, మన దగ్గర ముసలామె ఒంటరిగా ఉన్నా ఊరంతా ఆమె పిల్లలే అంటాం. అందరూ చప్పట్లు కొడతారు. అబద్ధమని నేననను. కానీ అడగాల్సిన ప్రశ్న ఒకటి మిగిలిపోతోంది. ఆ ముసలామె పొద్దున్నే లేచి మెట్లు దిగి దొడ్డికి పోవాలంటే చెయ్యి పట్టుకునేది ఎవరు? కొడుకు తార్నాకలో ముగ్గురితో కలిసి ఒక గది తీసుకొని గ్రూప్-2కు చదువుతున్నాడు. కూతురు నర్సింగ్ చేసి పట్నంలోనే డ్యూటీలో ఉంది. మనవరాలు గురుకులం హాస్టల్లో ఉంది. కోడలు మిరపకాయలు ఏరడానికి కూలికి పోయింది. ఊరంతా పిల్లలే, పగలు ఊళ్ళో ఒక్కరూ ఉండరు.

ఒక ఆగస్టు 9న ఉస్మానియా క్యాంపస్‌లో జరిగిన ఆదివాసీ దినోత్సవ సభకు నేనూ వెళ్ళాను. తీర్మానాలు రాస్తున్నారు. పోడు పట్టాలు, 1/70 అమలు, 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసిన జీవో 3 స్థానంలో కొత్త చట్టం, హాస్టల్ మెస్ చార్జీలు, బ్యాక్‌లాగ్ పోస్టులు. అన్నీ న్యాయమైనవే. జీవో 3 పోవడం వల్ల మన పిల్లలకు ఏం పోయిందో డీఎడ్ చదివి ఏజెన్సీలో పంతులునైన నాకు ఒకరు చెప్పక్కర్లేదు. చివర్లో లేచి, "ముసలివాళ్ళు, నడవలేనివాళ్ళు ఉన్న ఇళ్ళల్లో మెట్లు, మరుగుదొడ్డి మార్పించుకోడానికి సాయం ఇవ్వాలని ఒక లైను రాయండి" అన్నాను. రాస్తున్న తమ్ముడు పెన్ను ఆపి, "సార్, అది ఎన్జీవోల విషయం కదా, రాజకీయ డిమాండ్ కాదు" అన్నాడు. కొందరు నవ్వారు. అక్కడ జవాబు చెప్పే టైం ఇవ్వలేదు కాబట్టి ఇక్కడ చెప్తున్నాను.

రాజకీయం కాకపోతే ఇంకేమిటి తమ్ముడూ? మన ఊళ్ళల్లో ఇవాళ నిలబడి ఉన్న పక్కా ఇళ్ళు మనం గీసుకున్నవి కావు. ఇందిర ఆవాస్ నాటి నుంచి, 2006లో మొదలైన ఇందిరమ్మ నుంచి, ఇల్లు ఎంత ఉండాలో, బిల్లు ఎప్పుడు రావాలో సర్కారే నిర్ణయించింది. బిల్లు పునాదికి కొంత, గోడలకు కొంత, స్లాబుకు కొంత. ఇంజనీరు వచ్చి పునాది ఎత్తు చూస్తాడు, స్లాబు చూస్తాడు. ఆ ఇంట్లో ఉండే మనిషి కాళ్ళు చూడడు. మెట్టుకు బిల్లు లేదు కనుక మెట్లు ఎట్లా పడితే అట్లా పడతాయి.

మా అవ్వ ఇల్లు అట్లాంటిదే. వాగు పొంగితే నీళ్ళు లోపలికి రాకూడదని పునాది రెండడుగులు లేపారు. మంచి కారణమే. ఆ ఎత్తుకు మూడు మెట్లు, ఒక్కోటి ఎనిమిది అంగుళాలు, పక్కన పట్టుకోడానికి ఏమీ లేదు. పైన గడప ఇంకో మూడంగుళాలు. మరుగుదొడ్డి ఇంటికి ఇరవై అడుగుల దూరంలో ఉంది, మధ్యలో మట్టి నేల, వానాకాలం పాచి. రెండడుగుల తలుపు, నేలబారు బేసిన్, కూర్చుంటే మోకాళ్ళు గోడకు తగులుతాయి. మా అవ్వకు డెబ్బై దాటాయి. పక్షవాతం వచ్చి ఎడమ కాలు ఈడుస్తుంది. సాయంత్రం నాలుగు దాటితే ఆమె నీళ్ళు తాగడం మానేసింది. దాహం లేదు బిడ్డా అంటుంది. ఎండాకాలం కూడా అదే మాట. రాత్రిపూట ఆ మూడు మెట్లు దిగకుండా ఉండడానికి ఒక మనిషి దాహాన్ని చంపుకుంటోంది. మీ ఊళ్ళో అడిగి చూడండి, ఇట్లా నీళ్ళు మానేసిన అవ్వలు ఎంతమంది ఉన్నారో. ఆడవాళ్ళే ఎక్కువ ఉంటారు. వాళ్ళు మనకు చెప్పరు, కోడళ్ళకు తెలుస్తుంది.

రాష్ట్రీయ వయోశ్రీ యోజన అని కేంద్ర పథకం ఒకటుంది. 2017లో మొదలైంది. పేద వృద్ధులకు చేతికర్ర, వాకర్, చక్రాల కుర్చీ, వినికిడి యంత్రం, కళ్ళద్దాలు ఉచితంగా ఇస్తారు. ఉపయోగమైన పథకమే, మీ ఊరి పెద్దలకు రాకపోతే అడగండి. ఇట్లాంటి ఒక శిబిరంలో మా అవ్వకూ కుర్చీ వచ్చింది. కుర్చీ వెడల్పు ఇరవై ఆరు అంగుళాలు, దొడ్డి తలుపు ఇరవై నాలుగు. వరండా నుంచి కిందికి దింపాలంటే ఇద్దరు మగవాళ్ళు ఎత్తాలి. ఇప్పుడు దాని మీద ఎండుమిర్చి బస్తా కూర్చుంది.

అయితే పాత గుడిసే నయం కదా అనేవాళ్ళున్నారు. ఈ మాట ఊళ్ళో కంటే క్యాంపస్‌లో ఎక్కువ వినబడుతుంది, గుడిసె మీద పాట కట్టేవాళ్ళ నోట. గుడిసెలో పుట్టి పెరిగినవాణ్ణి, నాకు ఆ మోజు లేదు. మట్టి నేల మెత్తన, పడినా ఎముక విరగదు, ఎత్తు తక్కువ. నిజమే. కానీ చూరు కిందికి ఉండి నడుం రెండుగా వంచితే తప్ప లోపలికి పోలేం. పొయ్యి పొగకు కళ్ళు పోయేవి, దొడ్డి అంటే అడవి అంచే. మనం అడగాల్సింది వెనక్కి పోవడం కాదు. ఉన్న పక్కా ఇంటిని దానిలో ఉన్న మనిషికి సరిపోయేట్టు మార్చుకోవడం.

దీనికి లక్షలు అక్కర్లేదు. మా ఊరి మేస్త్రీతో లెక్క వేయించాను. దొడ్డి తలుపు మూడడుగులకు పెంచడం, లోపల ఒక కమోడు, రెండు స్టీలు కడ్డీలు, దొడ్డి దాకా గరుకు సిమెంటు బాట, మూడు ఎత్తు మెట్ల బదులు ఐదు పొట్టి వెడల్పు మెట్లు, పక్కన పైపు రైలింగు. ర్యాంపు ఎందుకు వద్దన్నావని అడిగాను. అతను చెప్పిందే నిజం. ర్యాంపు వాలుకు 1:12 అని కొలత ఉంది, అంటే అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. రెండడుగుల పునాదికి 24 అడుగులు కావాలి, మా వాకిట్లో అంత జాగ లేదు. నిట్రంగా పోసిన ర్యాంపు మెట్ల కంటే ప్రమాదం. బళ్ళల్లో ఎన్నికల ముందు పోసిన ర్యాంపులు చూశారుగా, పిల్లలు జారుడుబండ ఆడుకుంటారు. మొత్తం కలిపి 28 వేలు అన్నాడు. 2019లో తెలంగాణలో ఆసరా వృద్ధాప్య పింఛను 2,016 రూపాయలు చేశారు. ఆ లెక్కన పద్నాలుగు నెలలు అవ్వ తిండి, మందులు మానేస్తే తన ఇంటి మెట్లు తాను మార్చుకోగలదు.

సర్కారు దగ్గర దీనికి ఏముందో వెతికాను. 2024 మార్చి 11న భద్రాచలంలో ఇందిరమ్మ ఇళ్ళ పథకం మొదలైంది, సొంత స్థలం ఉన్నవాళ్ళకు 5 లక్షలు. కొత్త ఇంటికి. ప్రధానమంత్రి ఆవాస్ గ్రామీణ్ కింద కేంద్రం లెక్క మైదానంలో 1.20 లక్షలు, కొండ ప్రాంతంలో 1.30 లక్షలు. అదీ కొత్త ఇంటికే. చెంచు, కోలాం, తోటి, కొండరెడ్డి అన్నదమ్ములకు 2023 నవంబరులో వచ్చిన పీఎం జన్‌మన్ కూడా కొత్త ఇల్లే. ఇందిర ఆవాస్‌లో ఒకప్పుడు కచ్చా ఇల్లు బాగుచేసుకోడానికి 15,000 ఇచ్చే భాగం ఉండేది, ఆ పేరుతో పాటు అదీ పోయింది. పట్టణాల ఆవాస్ పథకంలో ఉన్న ఇంటికి కనీసం 9 చదరపు మీటర్లు కలిపి కట్టుకుంటే లక్షన్నర ఇచ్చే ఏర్పాటు పెట్టారు. అంటే గది పెంచితే డబ్బుంది, మెట్టు తగ్గిస్తే లేదు. స్వచ్ఛభారత్ మరుగుదొడ్డికి 12,000. ఒకసారి కట్టుకున్న ఇంటికి, అది వాడుకోలేని దొడ్డి అయినా సరే, లెక్కలో పని అయిపోయినట్టే. ట్రైకార్‌లో స్వయం ఉపాధి యూనిట్లకు సబ్సిడీ ఉంటుంది. ఆటో కొనుక్కోవచ్చు, కడ్డీ కొనుక్కోలేం.

ఒక ఆఫీసులో నా దరఖాస్తు చూసి, "మీరు టీచరే కదా సార్, మీరే పెట్టుకోవచ్చు కదా" అన్నారు. పెట్టుకున్నాను. ఆ పనులు నా జీతంతోనే చేయించాను, నేను అడిగేది నా కోసం కాదు. మా వాడలో మంచాన పడ్డవాళ్ళు, కర్ర పట్టుకొని నడిచేవాళ్ళు ఉన్న ఇళ్ళు ఇంకా పది ఉన్నాయి. వాళ్ళల్లో ఒక్కరికీ టీచర్ కొడుకు లేడు. జీతగాడు కొడుకైతే తల్లికి దొడ్డి, లేకపోతే లేదు అనే పద్ధతిని సంక్షేమం అనం.

పట్నంలో ఉన్నవాళ్ళకైనా సుఖమా అంటే, తార్నాకలో మా మేనమామ సంగతి చెప్పాలి. మా ఊరి నుంచి ఉద్యోగానికి వెళ్ళిన మొదటి మనిషి. రిటైరయ్యాడు, పింఛను వస్తుంది, ఎప్పుడో కొన్న ఫ్లాటు ఉంది. రెండో అంతస్తు, లిఫ్టు లేని పాత అపార్టుమెంటు. మా అత్తమ్మకు మోకాళ్ళు అరిగిపోయాయి. రెండేళ్ళుగా ఆమె కిందికి దిగింది ఆసుపత్రికే, అదీ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మోసుకుంటూ. తార్నాక మెట్రో స్టేషన్‌కు 2017లోనే లిఫ్టు వచ్చింది, ఆమె ఇంటికి రాలేదు. లిఫ్టు పెట్టిద్దామంటే కింది అంతస్తువాళ్ళు మాకెందుకు అంటారు. అమ్మేసి వేరేచోటికి పోదామంటే అత్తమ్మ ఒప్పుకోదు. పాలబ్బాయి, మందుల షాపు, గుడి దగ్గరి పూలామె, పక్కింటి రిటైర్డ్ లెక్చరర్ భార్య, ఇదంతా ఆమె ఊరు. ఆ ఊరిని ఆమె బాల్కనీ నుంచి చూస్తుంది.

అయినా మామకు దారులున్నాయి, ఇరుకైనవే కానీ ఉన్నాయి. ఇంటి మరమ్మతుకు బ్యాంకు అప్పిస్తుంది. ఆదాయపు పన్ను పాత పద్ధతిలో మరమ్మతు అప్పు వడ్డీ మీద ఏడాదికి 30,000 దాకా మినహాయింపు ఉంది. 2007 కేంద్ర బడ్జెట్లో ప్రకటించిన రివర్స్ మార్ట్‌గేజ్ ఉంది, అంటే అరవై దాటినవాళ్ళు సొంత ఇంటిని బ్యాంకుకు తాకట్టు పెడితే, వాళ్ళు ఆ ఇంట్లోనే ఉంటారు, బ్యాంకే వాళ్ళకు డబ్బిస్తుంది, దంపతులిద్దరూ పోయాక ఇల్లు అమ్మి బాకీ పట్టుకుంటుంది. ఆ డబ్బుతో ఇల్లు బాగుచేసుకోవచ్చని నిబంధనల్లోనే ఉంది. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. అప్పు కట్టగలిగినవాడికి అప్పు, పన్ను కట్టేవాడికి మినహాయింపు, కాగితం ఉన్నవాడికి తాకట్టు. మన అవ్వల దగ్గర ఈ మూడూ లేవు. గ్రామకంఠంలో ఇంటికి కాగితమే ఉండదు. అటవీ హక్కుల చట్టం 2006 కింద వచ్చిన పట్టా వారసులకు వస్తుంది కానీ అమ్మడానికి, బదలాయించడానికి వీల్లేదు. బ్యాంకులో ఆ పట్టా చూపిస్తే మేనేజరు మర్యాదగా టీ తాగించి పంపుతాడు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ ఇబ్బంది చూపించి, చూశారా, 1/70 వల్లే మీకు అప్పు పుట్టడం లేదు, ఎత్తేస్తే బాగుపడతారు అనే పెద్దమనుషులు తయారుగా ఉంటారు. తార్నాక టీ కొట్ల దగ్గర మన పిల్లల్లోనే ఇద్దరు ముగ్గురు ఇట్లా మాట్లాడటం విన్నాను. జాగ్రత్త. మెట్టు తగ్గించుకోడానికి భూమి పోగొట్టుకోవాలా? భూమి తాకట్టు పెట్టకుండా ముసలితనం గడవడానికే కదా సంక్షేమ రాజ్యం అని పేరు పెట్టుకున్నది. మనకు కావాల్సింది అప్పు కాదు, హక్కుగా వచ్చే గ్రాంటు.

హక్కు అని ఊరికే అనడం లేదు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో పార్లమెంటు చేసింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. దాని సెక్షన్ 37 ప్రకారం ఇళ్ళ పథకాల్లో 5 శాతం, 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నవాళ్ళకు కేటాయించాలి, వాళ్ళల్లో ఆడవాళ్ళకు ముందు ఇవ్వాలి. సెక్షన్ 24 ఇంకా బలమైనది. సామాజిక భద్రత పథకాల్లో మామూలు వాళ్ళకు ఇచ్చే దానికంటే వికలాంగులకు కనీసం 25 శాతం ఎక్కువ సాయం ఇవ్వాలంటుంది. ఇందిరమ్మ ఇంటికి 5 లక్షలైతే వికలాంగుల ఇంటికి 6 లక్షల 25 వేలు కావాలి. ఆ లక్షా పాతిక వేలతో వెడల్పు తలుపు, వాలు, లోపలే స్నానపు గది అన్నీ వస్తాయి. ఇల్లు సామాజిక భద్రత కాదని ఏ అధికారైనా అంటే, ఆ ముక్క కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇమ్మని అడుగుదాం. హైకోర్టు దగ్గర లా చదివిన మన పిల్లలు ఉన్నారు.

ఇదే చోట టీచర్లకు ఒక పని. ముసలితనం వల్ల నడవలేకపోవడం, పక్షవాతం, సికిల్ సెల్, ఇవన్నీ మన ఊళ్ళల్లో సదరం సర్టిఫికెట్ దాకా పోవు. వయసైతే అంతేలే అనుకుంటారు. 40 శాతం సర్టిఫికెట్ ఉంటేనే పైన చెప్పిన హక్కు. తెలంగాణలో 2023 నుంచి వికలాంగుల పింఛను 4,016. అంటే అర్హత ఉండి కూడా వృద్ధాప్య పింఛను తీసుకుంటున్న మనిషి నెలకు 2,000 పోగొట్టుకుంటున్నట్టు. బడిలో మనం పిల్లల ఆధార్లు, బ్యాంకు ఖాతాలు ఎన్ని నింపడం లేదు? వాళ్ళ తాత కాగితం కూడా ఒకటి నింపుదాం. అయితే ఒప్పుకోవాల్సింది ఒకటుంది. సర్టిఫికెట్ రాని ముసలితనానికి ఈ చట్టం పనికిరాదు. అందుకే వృద్ధుల కోసం విడిగా అడగాలి.

ఇది లోకంలో ఎక్కడా లేని కోరిక కాదు. జపాన్‌లో 2000లో వచ్చిన వృద్ధుల సంరక్షణ బీమాలో ఇంటి మార్పుకు రెండు లక్షల యెన్ల దాకా ఖర్చు లెక్కలోకి తీసుకుంటారు. అందులో ఏ పనులు వస్తాయో చూడండి: కడ్డీలు పెట్టడం, ఎత్తుపల్లాలు తీసేయడం, జారని నేల, పక్కకు జరిపే తలుపు, కూర్చునే మరుగుదొడ్డి. మా మేస్త్రీ జపాన్ పోలేదు, అయినా లెక్క దాదాపు ఒకటే వచ్చింది. ఇంగ్లండులో ఇంటి మార్పుకు 30,000 పౌండ్ల దాకా గ్రాంటు ఇవ్వడం స్థానిక కౌన్సిళ్ళ చట్టబద్ధమైన బాధ్యత, ఇష్టం కాదు. అమెరికాలో పల్లెల్లో ఉండే 62 దాటిన పేదలకు ఇంటి ప్రమాదాలు తీసేయడానికి వ్యవసాయ శాఖే 10,000 డాలర్ల దాకా గ్రాంటు ఇస్తుంది. వ్యవసాయ శాఖ! అక్కడ ఎవరో ఒకప్పుడు ఇది రాజకీయ డిమాండేనని అనుకొని ఉంటారు. అంత దూరం ఎందుకు, కేరళలో ఎస్సీ కుటుంబాల పాత ఇళ్ళు పూర్తిచేసుకోడానికి, బాగుచేసుకోడానికి సేఫ్ అనే పథకం కింద రెండు లక్షలు ఇస్తున్నారు. కొత్త ఇల్లే ఇస్తాం అనే పట్టుదల అక్కడ లేదు.

డబ్బు లేదనే జవాబు మనకు పనికిరాదు. 2017లో తెలంగాణ ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం చేసింది. ఆంధ్రలో ఉపప్రణాళిక చట్టం 2013 నుంచి ఉంది. తెలంగాణ చట్టంలో ఖర్చుకాని డబ్బును తర్వాతి ఏడాదికి కలపాలని రాసి ఉంది. మన పేరు మీద ఉన్న నిధి అది. రోడ్డుకు, భవనానికి వాటా లెక్క చూపించడం తేలిక, ముసలామె దొడ్డి తలుపుకు చూపించడం కష్టం, ఎందుకంటే దానికి శంకుస్థాపన ఉండదు. ఇంటికి 30 వేలు చొప్పున వంద ఇళ్ళకు 30 లక్షలు. ఒక కమ్యూనిటీ హాలు మీద మన దగ్గర ఎంత పెడతారో మీకు తెలుసు, తాళం ఎవరి దగ్గర ఉంటుందో కూడా తెలుసు.

ఎవరికి ఇవ్వాలో తేల్చడానికి కొత్త కమిటీ అక్కర్లేదు. పెసా చట్టం 1996 ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో పేదరిక నిర్మూలన పథకాల లబ్ధిదారులను ఎంపిక చేసే పని గ్రామసభదే. 2011లో రూల్స్ కూడా వచ్చాయి. ఏ ఇంట్లో ఎవరు పాకుతున్నారో గ్రామసభకు తెలిసినంత ఏ సర్వేకూ తెలియదు.

కాబట్టి క్యాంపస్ తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చొని నినాదాలు ఇచ్చేటప్పుడు ఒకసారి ఆ మెట్లను చూడండి. 1939 నుంచి ఉన్న గొప్ప భవనం, ఫొటోకు బాగుంటుంది, కాళ్ళు పనిచేయని విద్యార్థి కిందనే ఉండి మన మాట వింటాడు. పండక్కి ఊరికి పోయినప్పుడు ఫోన్‌తో పాటు ఒక కొలత టేపు పట్టుకుపోండి. పునాది ఎత్తు, మెట్టు ఎత్తు, దొడ్డి తలుపు వెడల్పు, ఇంటి నుంచి దొడ్డికి దూరం, నడవలేని మనిషి వయసు, సదరం ఉందా లేదా. ఇంటికి ఒక లైను చాలు. మా ఊళ్ళో ఏడో తరగతి పిల్లలు గణితం పీరియడ్‌లో కొలతల పాఠం కింద ఈ పని రెండు రోజుల్లో చేశారు. పదకొండు ఇళ్ళు వచ్చాయి. తొమ్మిదింటిలో మెట్టు ఏడు అంగుళాలు దాటింది, ఒక్కదానికీ పట్టుకునే కడ్డీ లేదు, మా అవ్వ ఇంటికి తప్ప. ఆ జాబితా గ్రామసభ తీర్మానంగా రాసి, సెక్షన్ 24, సెక్షన్ 37 పేర్లు పైన వేసి, ఐటీడీఏకు, గృహనిర్మాణ శాఖకు రెండు కాపీలు పంపాం. రసీదు తీసుకున్నాం. జవాబు ఇంకా రాలేదు. వచ్చే ఆగస్టు 9కి మీ ఊరి జాబితా కూడా తెచ్చి ఆ తమ్ముడి ముందు పెట్టండి, లైను ఎక్కడ రాయాలో అతనే చెప్తాడు.